ఫిల్ము ఫొటోగ్రఫీ – నాలుగో పాఠం: నెగటివు అంచును చదవడం

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన చిత్రాలన్నీ చూశాను. విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లవారి పడవలు చేరే వేళ ఒక రోలు తీయమని అడిగితే, ఎక్కువమంది చిత్రాల్లో ఆకాశం చక్కగా వచ్చింది గాని, చేపల బుట్టల ముందు కూర్చున్న స్త్రీల ముఖాలు, పడవల లోపలి భాగాలు గరుకైన బూడిదరంగు ముద్దలుగా మిగిలాయి. ఫిల్ము పాతబడిందనీ, ల్యాబు సరిగా కడగలేదనీ పలువురు రాశారు. ఆ రెండూ కారణాలు కావని నాకు అనిపిస్తోంది కనుక, ఈసారి చెప్పవలసిన డెవలపింగు పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. ఫిల్ము ఎక్కించడం, ఐఎస్ఓ అంకె పెట్టడం వంటివి మీకు వచ్చినట్టే భావిస్తాను.

విశాఖలో సముద్రం తూర్పున ఉంది. ఉదయం నీటి వైపు కెమెరా పెడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. వెలుగును కొలిచే మీటరు ఆ మెరుపును చూసి వెలుగు ఎక్కువగా ఉందని లెక్కవేసి ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ముకు తగిలే వెలుగు మోతాదు, తగ్గిస్తుంది. దానికి తోడు డిజిటల్ కెమెరాతో పెరిగిన చేతికి, తెలుపు చెడకుండా మరికాస్త తగ్గించి, నీడలను తరువాత కంప్యూటరులో పైకి తెచ్చుకునే అలవాటు ఉంటుంది. సెన్సరులో ఒక్కో పిక్సెలు పట్టగల వెలుగుకు పైహద్దు ఉంది, అది దాటితే వివరం పోతుంది కనుక, అక్కడ ఆ అలవాటు సరైనదే.

నెగటివు ఫిల్ముకు అసలైన హద్దు కింది వైపున ఉంటుంది. వెండి లవణపు స్ఫటికం మీద కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరేంత వెలుగు తగిలితేనే డెవలపరు, అంటే ఫిల్మును మొదట కడిగే రసాయనం, దానిని నల్లని వెండిగా మార్చగలదు. అంత వెలుగు తగలని స్ఫటికం ఆ తరువాత వాడే ఫిక్సరు అనే రసాయనంలో కరిగిపోతుంది. హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో ప్రచురించిన పరిశోధనలో, వెలుగు పెరిగే కొద్దీ ఫిల్ము నలుపు ఎలా పెరుగుతుందో చూపే వక్రరేఖ ఈ సంగతినే చెబుతుంది: మొదట చదునుగా సాగి, తరువాత నిటారుగా లేచి, పైన మెల్లగా వంగుతుంది. పైన ఉన్న ఆ వంపు వల్ల రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం అవుతుంది) వెలుగు ఎక్కువైనా నెగటివు తట్టుకుంటుంది. రెండు స్టాపులు తగ్గితే మాత్రం నీడల్లో వెండి మిగలదు. నెగటివు కాక నేరుగా అసలు రంగుల చిత్రాన్నే ఇచ్చే స్లైడు ఫిల్ముకు ఈ మాట వర్తించదు. 2018లో తిరిగి వచ్చిన కొడాక్ స్లైడు ఫిల్ము ఎక్టాక్రోము వాడేవారు తెలుపును కాపాడుకోవలసిందే.

ఇక నన్ను నిజంగా బాధించిన విషయానికి వస్తాను. మీలో చాలామంది ఫోనుకు స్కాన్లు రాగానే పని పూర్తయిందనుకుని, నెగటివులను ల్యాబులోనే వదిలేశారు. ల్యాబు స్కానరు పలచని నెగటివును చూడగానే ప్రకాశాన్ని తనంతట తాను పెంచి పంపుతుంది. మీకు కనిపించే గరుకుదనం ఆ పెంపు వల్ల వచ్చినదే. స్కాను చూసి ఎక్స్‌పోజరు తప్పిందో, డెవలపింగు తప్పిందో ఎవరూ తేల్చలేరు. నెగటివు చేతిలో ఉంటే నిమిషంలో తేలుతుంది.

ఫోను తెరను తెల్లగా వెలిగించి, దానికి కాస్త ఎత్తులో ఫిల్మును పట్టుకొని, చిత్రం కంటే ముందు అంచును చూడండి. అక్కడి కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు ఫ్యాక్టరీలోనే వెలుగుతో ముద్రించినవి. మీ షట్టరుకూ లెన్సుకూ వాటితో సంబంధం లేదు, వాటిని బయటికి తెచ్చేది డెవలపరు మాత్రమే. అంకెలు చిక్కగా ఉండి చిత్రం పలచగా ఉంటే వెలుగు తగ్గించినది మీరే. అంకెలు కూడా వెలవెలబోతే డెవలపింగు తక్కువైంది. అంకెలు స్పష్టంగా ఉండి ఫ్రేములన్నీ ఖాళీగా ఉంటే, చాలా సందర్భాల్లో ఫిల్ము స్పూలుకు పట్టుకోక కెమెరాలో ముందుకు కదలలేదన్నమాట. అంకెలతో సహా రోలంతా ఖాళీ అయితే డెవలపరు పనిచేయలేదు, లేదా ఫిక్సరును ముందుగా పోశారు. ఎక్కించేటప్పుడు వెలుగు సోకిన మొదటి ముక్కను కూడా ల్యాబు నుంచి అడిగి తెచ్చుకోండి. అది చిక్కని నలుపుగా లేకపోతే డెవలపింగును అనుమానించవచ్చు.

మరి వెలుగు ఎలా కొలవాలి? వివరం కావలసిన నీడ దగ్గరకు వెళ్లి మీటరు చూసి, అందులోంచి రెండు స్టాపులు తగ్గించండి. ఆర్.కె. బీచిలోని కురుసుర జలాంతర్గామిని తీసుకోండి. సాయంత్రం సముద్రం వైపు నుంచి చూస్తే నీడలో ఉండే దాని నల్లని పక్కభాగం, 400 ఫిల్ముకు ఎఫ్4 వద్ద 1/60 సెకను చూపిందనుకుందాం. మీటరు ఏ వస్తువునైనా మధ్యస్థమైన బూడిదరంగు చేయాలని చూస్తుంది కనుక, నలుపు నలుపుగానే ఉండి వివరం నిలవడానికి 1/250 పెట్టాలి. అదే పూట ఆకాశం ఎఫ్11 వద్ద 1/500 చూపితే, దాన్ని నమ్మి తీసిన నెగటివులో ఆ పక్కభాగం ఉన్నచోట ఖాళీ ఫిల్మే ఉంటుంది. ఇంత లెక్క వేసే తీరిక లేని చోట నేను 400 ఫిల్మును 200గా కొలుస్తాను, అంటే ఒక స్టాపు వెలుగు ఎక్కువ ఇస్తాను. అందరికీ అదే చెబుతాను. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 వంటి ఆటోమేటిక్ కెమెరా ఉన్నవారు వెలుగును పెంచి తగ్గించే కాంపెన్సేషను డయలును ప్లస్ ఒకటి దగ్గర పెట్టండి.

అభ్యాసానికి 36 ఫ్రేముల నలుపు-తెలుపు రోలు ఒకటి పూర్తిగా కేటాయించండి. నీడ, ఎండ రెండూ ఉన్న ఆరు దృశ్యాలను ఎంచుకొని, ఒక్కొక్కదానిని పై పద్ధతిలో కొలిచిన ఎక్స్‌పోజరుకు రెండు స్టాపులు తక్కువ నుంచి మూడు స్టాపులు ఎక్కువ వరకు, ఒక్కో స్టాపు చొప్పున ఆరు ఫ్రేములు తీయండి. ప్రతి ఫ్రేము వివరాలూ అప్పటికప్పుడు పుస్తకంలో రాయండి. ల్యాబులో కడగడం మాత్రమే చేయించుకోండి, స్కాన్లు వద్దు. అంచులు కనిపించేలా నెగటివులను ఫోనుతో ఫొటో తీసి, నీడలో వివరం మొదట ఏ ఫ్రేములో కనిపించిందో గుర్తుపెట్టి, పుస్తకపు పేజీతో కలిపి పంపండి. అవి చూశాకే డెవలపింగు పాఠం మొదలుపెడతాను.