ఏళ్ల తర్వాత తిరిగొచ్చారు, బెంగళూరులో క్రెడిట్ కార్డు రావట్లేదు: చిక్కు ఎక్కడ, దారి ఏది

డాలస్‌లో 800 క్రెడిట్ స్కోరు ఉంది. లేదా దుబాయ్‌లో ఒక్క వాయిదా తప్పకుండా కారు లోను తీర్చారు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు తీసుకుని, మంచి జీతానికి చేరి, ఆ జీతం పడే బ్యాంకులోనే కార్డు అడిగితే ‘ప్రస్తుతం మీకు అర్హత లేదు’ అని మెసేజ్. ఈ ఒక్క మెసేజ్ వెనక నాలుగైదు రకాల కారణాలు ఉండొచ్చు, ఒక్కోదానికి దారి వేరు. కారణం తెలుసుకోకుండా ఇంకో బ్యాంకు, ఆ తర్వాత ఇంకో యాప్ అంటూ తిరిగితే ఉన్న చిక్కు ముదురుతుంది.

కార్డు దరఖాస్తు తిరస్కరిస్తే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుదే. రిజర్వ్ బ్యాంక్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో అది ఉంది. మెయిల్ పెట్టి అడగండి. ఈలోగా మన అప్పుల చరిత్రను నమోదు చేసే నాలుగు క్రెడిట్ సంస్థల నుంచీ రిపోర్టులు తెప్పించుకోండి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఇది అమల్లో ఉంది. వాటి సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. ‘ఫ్రీగా సిబిల్ చూసుకోండి’ అనే యాప్‌లలో చాలావాటి అసలు పని లోన్లు అమ్మడం. మీ రిపోర్టు మీరు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు.

సమస్య: స్కోరు ఉండాల్సిన చోట ‘ఎన్‌హెచ్’ లేదా మైనస్ ఒకటి

చరిత్రే లేదని దీని అర్థం. చెడ్డ చరిత్ర ఉందని కాదు. నిజానికి మిగతా చిక్కులతో పోలిస్తే ఇది సులువైనది.

ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ పేర్లు అమెరికాలోనూ ఉన్నాయి కాబట్టి అక్కడి ఫైలు ఇక్కడికి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఇక్కడివి 2005 నాటి చట్టం కింద నడిచే వేరే కంపెనీలు, ఇక్కడ అప్పులిచ్చే సంస్థలు పంపిన సమాచారమే వాటి దగ్గర ఉంటుంది. ఇంకో అపోహ: ఊళ్లో ఎన్ఆర్ఓ ఖాతా ఇరవై ఏళ్లుగా ఉంది కదా, చరిత్ర ఉన్నట్టే కదా అని. డెబిట్ కార్డు, యూపీఐ, సిప్, బెస్కాం బిల్లు, అద్దె, నెలనెలా కట్టే చిట్టీ, ఇవేవీ మామూలుగా లెక్కలోకి రావు. అప్పు తీసుకుని తీర్చిన జాడ ఉండాలి, అంతే.

పరిష్కారం: ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. జీతం స్లిప్పులు అడగరు, స్కోరు చూడరు. డిపాజిట్ మీద బ్యాంకుకు తాకట్టు హక్కు ఉంటుంది, వడ్డీ మాత్రం మీకు పడుతూనే ఉంటుంది. బ్యాంకును బట్టి డిపాజిట్‌లో సుమారు 80 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు. పది, పదిహేను వేలకే ఇచ్చే బ్యాంకులు ఉన్నా లక్ష వేయడం మేలు, కారణం ఇది: లిమిట్‌లో 30 శాతం దాటి వాడితే స్కోరు మీద పడుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. 15 వేల లిమిట్ అయితే నెల సరుకులకే ఆ గీత దాటిపోతుంది. లక్ష డిపాజిట్, 90 వేల లిమిట్ అయితే 27 వేల దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు.

కార్డు రాగానే చేయాల్సిన పని ఒకటుంది. ఆటో డెబిట్ పెట్టండి, అదీ ‘మొత్తం బకాయి’కి. యాప్‌లలో ‘కనీస బకాయి’ అన్న ఎంపిక పక్కనే ఉంటుంది. దాన్ని నొక్కితే మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది, కొత్త ఖర్చులకూ వడ్డీ లేని గడువు పోతుంది. గడువు తేదీ దాటాక మూడు రోజులకు మించితేనే బ్యాంకు ఆలస్య రుసుము వేయాలి, మీ ఖాతాను బకాయిపడ్డట్టు పంపాలి. కాబట్టి ఒక రోజు ఆలస్యానికి కంగారు పడక్కర్లేదు. కానీ దాన్ని అలవాటు చేసుకోవద్దు.

ఇక ఓపిక పట్టాలి. సుమారు ఆరు నెలల చెల్లింపుల జాడ పడితే స్కోరు కనిపిస్తుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి మునుపటంత జాప్యం లేదు. ఈ ఆరు నెలలూ ఇంకో కార్డు కోసం అప్లై చేయకండి.

అన్నట్టు, భార్య లేదా భర్త కార్డు మీద యాడ్ఆన్ కార్డు తీసుకుంటే సరిపోతుందని కొందరి సలహా. ఆ బాకీ, చెల్లింపు ప్రధాన కార్డుదారు ఖాతావి. ఇంట్లో ఖర్చులకు పనికొస్తుంది, మీ చరిత్ర కట్టడానికి దాన్ని నమ్ముకోవద్దు.

సమస్య: ఇక్కడ అప్పే లేదు, అయినా స్కోరు 500లలో ఉంది

ఇది మొండి చిక్కు. విదేశం వెళ్లేముందు వాడిన కార్డో, చదువు కోసం తీసుకున్న లోనో ఎక్కడో తెరిచే ఉండిపోయి ఉంటుంది. కార్డు వాడకపోయినా ఏటా రుసుము పడింది, స్టేట్‌మెంట్లు పాత అడ్రసుకు వెళ్లాయి, ఫోన్ నంబరు మారింది. వెయ్యి రూపాయల రుసుముకు వడ్డీ మీద వడ్డీ చేరి చివరికి ‘రైటాఫ్’ అని, అంటే ఇక వసూలు కాని బాకీగా నమోదైంది.

రిపోర్టులో ఆ బ్యాంకు పేరు చూసి ‘నాకు ఇందులో ఖాతాయే లేదు’ అనేవాళ్లు చాలామంది. బ్యాంకులు కలిసిపోయిన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. అదే రోజు సిండికేట్ కెనరాలో కలిసింది. ఎస్‌బీహెచ్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ 2017లో ఎస్‌బీఐలోకి వెళ్లాయి. విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడా అయింది. ఐఎన్‌జీ వైశ్యా 2015లో కోటక్‌లో కలిసింది. సిటీబ్యాంక్ కార్డుల వ్యాపారం 2023 మార్చిలో యాక్సిస్‌కు వెళ్లింది. గుంటూరులో ఆంధ్రా బ్యాంకులో తీసుకున్న చదువు లోను ఇప్పుడు యూనియన్ బ్యాంకు పేరుతో కనిపించడంలో వింతేమీ లేదు. ముందు ఖాతా తెరిచిన తేదీ, చివరి నాలుగు అంకెలు పోల్చి చూసుకోండి. ఆ తర్వాతే మోసమా కాదా అన్నది తేలుతుంది.

‘హామీదారు’ అన్న వరసను కూడా చూడండి. బావమరిది లోనుకు వెళ్లేముందు పెట్టిన సంతకం అక్కడ కనిపిస్తుంది. ఆయన కట్టకపోతే మీ ఫైలుకూ మచ్చే.

పరిష్కారం: బాకీ నిజమైతే బ్యాంకు కలెక్షన్స్ విభాగం నుంచి ఇవాల్టి బాకీ ఎంతో లెటర్‌హెడ్ మీద తీసుకోండి. కొన్నిసార్లు ఆ అప్పును ఏఆర్‌సీకి, అంటే మొండి బాకీలు కొనే సంస్థకు అమ్మేసి ఉంటారు; అప్పుడు లేఖ ఆ సంస్థ నుంచే రావాలి. డబ్బు సంస్థ ఖాతాలోకే వెళ్లాలి. ఏజెంటు యూపీఐకి రూపాయి కూడా పంపకండి. ‘సగం కట్టండి, క్లోజ్ చేస్తాం’ అంటే ఆశపడతారు, కానీ రిపోర్టులో అది ‘సెటిల్డ్’ అని పడుతుంది, ఆ ముద్ర ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే, చేతిలో డబ్బుంటే, మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోండి. వడ్డీ, రుసుములలో తగ్గింపు అడగడంలో తప్పు లేదు, కాకపోతే ‘క్లోజ్డ్ అని పంపుతాం’ అన్న మాట డబ్బు కట్టకముందే లేఖలో ఉండాలి. కట్టాక నో డ్యూస్ (బాకీ లేదన్న) పత్రం తీసుకుని, నెల తర్వాత నాలుగు రిపోర్టుల్లోనూ మారిందో లేదో చూసుకోండి.

చెల్లింపుల పట్టికలో ‘ఎక్స్‌ఎక్స్‌ఎక్స్’ అని ఉంటే భయపడకండి. ఆ నెల బ్యాంకు సమాచారం పంపలేదని మాత్రమే. సున్నాలు ఉంటే మంచిదే. 30, 60, 90 లాంటి అంకెలు అన్ని రోజుల ఆలస్యాన్ని చెబుతాయి.

సమస్య: రెండు ఫైళ్లు, లేదా వేరేవాళ్ల అప్పు మీ ఫైలులో

మన తెలుగువాళ్లకు ఇది మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, పాస్‌పోర్టు దాన్ని విడిగా అడుగుతుంది, విదేశంలో చివరికి వెళుతుంది, బెంగళూరు వచ్చాక ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. ఒకే మనిషి పాన్‌లో ‘కొండవీటి వెంకట రమణ’, ఆధార్‌లో ‘వెంకట రమణ కె’, పాత లోనులో ‘కె వి రమణ’. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మారి, పాన్‌లో పుట్టింటి పేరే ఉండిపోయిన ఆడవాళ్లదీ ఇదే తంతు. క్రెడిట్ సంస్థ పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను, అడ్రసు కలిపి పోల్చుతుంది. అవి సరిపోలకపోతే మీ మంచి చరిత్ర ఒక ఫైలులో, కొత్త దరఖాస్తు ఇంకో ఫైలులో పడతాయి.

పరిష్కారంలో వరుస ముఖ్యం. మొదట ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకులు. తలకిందులుగా చేస్తే ప్రతిదీ రెండోసారి చేయాల్సి వస్తుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఏ రూపం శాశ్వతమో ముందే తేల్చుకోండి. పాన్ మారాక ప్రతి బ్యాంకులో కేవైసీ మళ్లీ ఇవ్వండి. అప్పుడు క్రెడిట్ సంస్థ సైట్‌లో డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు వేసి రెండు ఫైళ్లూ ఒకరివేనని పాన్, ఆధార్ కాపీలు జతచేయండి.

సమస్య: సైట్‌లోకే వెళ్లలేకపోతున్నారు

ఓటీపీ పాత నంబరుకు పోతోంది. రద్దయిన నంబరును టెలికాం కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు, అంటే మీ అలర్టులు ఇప్పుడు ఎవరో చదువుతుండవచ్చు. ముందు బ్యాంకులో నంబరు మార్చండి. క్రెడిట్ సంస్థకు గుర్తింపు పత్రాలతో మెయిల్ చేసి కూడా రిపోర్టు తెప్పించుకోవచ్చు.

సమస్య: స్కోరు దాకా వెళ్లకుండానే దరఖాస్తు ఆగిపోతోంది

రెండు చోట్ల చూడండి. ఒకటి, పాన్. ఎన్ఆర్ఐలకు ఆధార్ అనుసంధానం నుంచి మినహాయింపు ఉంది, కానీ పన్ను శాఖ రికార్డుల్లో మీరు ఎన్ఆర్ఐ అని నమోదు కాకపోయి ఉంటే 2023 జూలై 1 నుంచి ఆ పాన్ పనిచేయనిదిగా మారి ఉంటుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో వెయ్యి రూపాయలు కట్టి అనుసంధానం చేస్తే నెలలోపు మళ్లీ పనిచేస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఆధార్ కోసం దేశంలో 182 రోజులు ఉండే దాకా ఆగనక్కర్లేదు. ఓసీఐ కార్డు ఉన్న విదేశీ పౌరులకు మాత్రం ఆ షరతు ఉంది.

రెండోది ఖాతా హోదా. స్థిరపడటానికి వచ్చాక ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను రెసిడెంట్ ఖాతాలుగా మార్చాలని విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన. మార్చకపోతే దరఖాస్తు ఎన్ఆర్ఐ విభాగానికి పోయి అక్కడ ఇరుక్కుంటుంది. డాలర్లలోనే దాచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ (తిరిగొచ్చినవారికి విదేశీ కరెన్సీ) ఖాతా ఉంది. అడ్రసుకు అద్దె ఒప్పందం ఇస్తున్నారా? ఇ-స్టాంపు కాగితం మీద ఇంటి యజమాని సంతకంతో ఉండాలి, పీజీ రసీదు చాలదు.

సమస్య: స్కోరు వచ్చింది, 680 దగ్గరే ఆగింది

మూడు అనుమానాలు. లిమిట్‌లో ఎక్కువ భాగం వాడి గడువుకు మొత్తం కడుతున్నా, బ్యాంకు సమాచారం పంపిన రోజున ఉన్న బాకీయే రిపోర్టులో పడుతుంది. 90 వేల లిమిట్ అయితే, బిల్లు కోసం ఎదురుచూడకుండా వాడకం పాతిక వేలకు చేరగానే కట్టేయండి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించి దర్శిని హోటల్లో టిఫిను దగ్గర్నుంచి అన్నిటికీ స్కాన్ చేసేవాళ్లకు ఈ లెక్క తెలియకుండానే పెరుగుతుంది. రెండోది, ‘ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి’ యాప్‌లు. అందులో చాలావాటి వెనక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ ఉంటుంది, చిన్న మొత్తం కూడా విడి లోనుగా నమోదవుతుంది. మూడోది, ఒకే నెలలో నాలుగైదు చోట్ల వేసిన దరఖాస్తులు. ఆ విచారణలన్నీ రిపోర్టు చివర తేదీలతో సహా కనిపిస్తాయి. ఆగడమే దీనికి పరిష్కారం.

సమస్య: ఇంటి లోను ఇప్పుడే కావాలి

చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అప్పు అడిగేవారిని తిప్పిపంపవద్దని 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కనీస స్కోరు ఇంత ఉండాలని కూడా అది ఎక్కడా పెట్టలేదు. కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకుల వడ్డీ పట్టికలో మైనస్ ఒకటికి విడి వరసే ఉంటుంది, కాబట్టి ముందు వాటి దగ్గరికి వెళ్లండి. చరిత్ర ఉన్న జీవిత భాగస్వామిని సహ దరఖాస్తుదారుగా పెట్టండి. 75 లక్షలు దాటిన లోనుకు ఆస్తి విలువలో 75 శాతమే ఇస్తారు. ఇంకాస్త ఎక్కువ చేతిడబ్బు చూపిస్తే మాట కలుస్తుంది. అయినా కాదంటే స్కోరునే తప్పుపట్టకండి. ఆస్తి బి ఖాతాదైతే, అంటే పత్రాలు పూర్తిగా సక్రమంగా లేనిదైతే, బెంగళూరులో చాలా బ్యాంకులు 800 స్కోరున్న వాళ్లనూ తిప్పిపంపుతాయి.

గల్ఫ్‌లో బాకీ వదిలి వచ్చినవారికి ఒక మాట. అది సిబిల్‌లో కనిపించదు నిజమే, కానీ 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకోవచ్చు. ఇంటి లోనుకు ముందే దాన్ని తేల్చుకోండి.

సమస్య: డిస్ప్యూట్ వేశారు, ఉలుకూ పలుకూ లేదు

ఫిర్యాదు అందిన 30 రోజుల్లో సరిచేయాలి. అందులో బ్యాంకుకు 21 రోజులు, మిగిలినవి క్రెడిట్ సంస్థకు. గడువు దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం మీకు రావాలి; 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నియమం ఉంది. అందుకే ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా, బ్యాంకుకూ క్రెడిట్ సంస్థకూ విడివిడిగా ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంక్ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కు పెట్టండి. క్రెడిట్ సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుంచి దాని పరిధిలోకి వచ్చాయి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. జతచేయాల్సినవి: రిపోర్టులో తప్పున్న పేజీ, నో డ్యూస్ పత్రం, రెండు ఫిర్యాదు నంబర్లు, తేదీలు.