నోటి దుర్వాసనకు ఇంటి చిట్కా మొదలుపెట్టే ముందు

నోరు వాసన వస్తోందన్న అనుమానం రాగానే చాలామంది ఓ లవంగమో, పుదీనా బిళ్ళో నోట్లో వేసుకుంటారు. కాసేపు బాగానే ఉంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. వాసన పుట్టే చోటు అలాగే ఉండగా దాని మీద ఇంకో వాసన చల్లామంతే. కప్పిపుచ్చే చిట్కా వేరు, శుభ్రం చేసే చిట్కా వేరు. ఈ తేడా చూసుకోకుండా విన్నవన్నీ చేసేస్తే వాసన పోకపోగా పళ్ళు, చిగుళ్ళు దెబ్బతింటాయి.

దుర్వాసనలో దాదాపు 80 నుంచి 90 శాతం నోట్లోనే పుడుతుంది. కడుపు బాగాలేదని అనుకుని అరుగుదల మందులు మింగే ముందు నాలుక చూసుకోవాలి. నాలుక వెనక భాగంలో, పళ్ళ సందుల్లో, చిగుళ్ళ అంచుల కింద గాలి అంతగా తగలని చోట బాక్టీరియా చేరి, ఆహారపు తునకల్లోనూ రాలిన కణాల్లోనూ ఉన్న ప్రొటీన్లను విడగొడుతుంది. అప్పుడు గంధకంతో కూడిన వాయువులు వస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో ఒకటి.

నిజంగా వాసన ఉందా అన్నది ముందు తేల్చుకోండి. అరచేతిలోకి ఊది చూసుకుంటే సరిగ్గా తెలియదు, మన వాసనకు మన ముక్కు అలవాటుపడిపోయి ఉంటుంది. మణికట్టు లోపలివైపు నాకి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. వెనక పళ్ళ మధ్య ఫ్లాస్ దారం లాగి దాన్ని వాసన చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంట్లో నమ్మకమైన మనిషిని అడగడం అన్నిటికన్నా మేలు. వాసన ఏమీ లేకపోయినా ఉందన్న టెన్షన్‌తో నలుగురిలోకి వెళ్ళడం మానేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది పుక్కిలించే మందు కాదు, డాక్టరుతో మనసువిప్పి ఓ మాట.

ఇక శుభ్రం చేసే పద్ధతుల్లో నాలుక గీసుకోవడానికే నా మొదటి ఓటు. పళ్ళు రెండు నిమిషాలు తోమి, నాలుక ముందు భాగాన్ని అలా ఒకసారి తాకించి వదిలేస్తారు. వాసన ఉండేది వెనకాల. నాలుక బాగా బయటికి చాపి, టంగ్ క్లీనర్‌ను వీలైనంత వెనక పెట్టి ముందుకు లాగండి. నెమ్మదిగా నాలుగైదు సార్లు చాలు, లాగిన ప్రతిసారీ దాన్ని కడగండి. వాంతి వచ్చేలా అనిపిస్తే ఊపిరి బయటికి వదులుతూ లాగి చూడండి. మంట పుట్టేలా, రక్తం వచ్చేలా గీయకూడదు. స్టీలుదైనా, రాగిదైనా, ప్లాస్టిక్‌దైనా పనిచేస్తుంది.

రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలి. రెండింటిలో రాత్రిది అసలు మానకూడదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, నోటిని కడిగే నీళ్ళు ఆగిపోయినట్టే. పొద్దున లేవగానే వచ్చే వాసన అందరికీ ఉంటుంది, తోమి కాస్త తిన్నాక పోతుంది. పళ్ళ సందులను రోజూ ఒకసారి ఫ్లాస్‌తో గానీ సన్నటి బ్రష్‌తో గానీ శుభ్రం చేయాలి, మామూలు బ్రష్ అక్కడికి వెళ్ళదు. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, తోమి, నీళ్ళలో వేసి ఉంచాలి.

పుక్కిలించడానికి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు చాలు. మింగకుండా ఉమ్మేయాలి. వంటసోడా కూడా అంతే కలిపి పుక్కిలించవచ్చు కానీ పొడిగా పళ్ళ మీద రుద్దకండి. నిమ్మరసంతో పళ్ళు తోమడం మాత్రం దయచేసి వద్దు. ఆ పులుపు పంటి పైపొరను మెత్తబరుస్తుంది, పోయిన పొర తిరిగి రాదు. పుల్లటివి తిన్నాక గానీ, వాంతి అయ్యాక గానీ ముందు మామూలు నీళ్ళతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోమాలి. బొగ్గుపొడి పళ్ళను అరగదీస్తుంది. లవంగ నూనె నేరుగా రాస్తే చిగుళ్ళు కాలి పుండ్లు పడతాయి. నూనెతో పుక్కిలించేవాళ్ళు దాన్ని తోమడానికి బదులుగా చేయకూడదు. చిన్నపిల్లలతో అసలు చేయించకూడదు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి, ఎక్కువైతే పళ్ళ మీద మరకలు పడతాయి, రుచి మారుతుంది.

వెల్లుల్లి సంగతి వేరు. అందులోని ఒక పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు. పచ్చి ఆపిల్ గానీ, పుదీనా ఆకులు గానీ, పాలు గానీ దానితోపాటే తీసుకుంటే కొంత తగ్గుతుంది. ముఖ్యమైన పని ఉన్న రోజు, దాని ముందు రోజు మానేయడం తేలిక.

నోరు ఎండిపోయే రోజుల్లో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఉపవాసం, ఎండలో పని, దూర ప్రయాణం, ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకునే జలుబు, అన్నిటిలోనూ వాసన పెరుగుతుంది. నీళ్ళు తాగే వీలుంటే గుక్కగుక్కగా తాగుతూ ఉండండి, చక్కెర లేని చూయింగ్ గమ్ లాలాజలం ఊరేలా చేస్తుంది. అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా నోటిని ఎండబెడతాయి. అలాగని మీ అంతట మీరు మందు ఆపకండి, రాసిన డాక్టరుతో చెప్పండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా వాసనకూ చిగుళ్ళ జబ్బుకూ దారితీస్తుంది.

ఇవన్నీ రెండు వారాలు శ్రద్ధగా చేసినా వాసన తగ్గకపోతే, తోమినప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే, పన్ను కదులుతుంటే దంతవైద్యుల దగ్గరికి వెళ్ళాలి. గట్టిపడిన గార ఇంట్లో పోదు, పిన్నుతో గీకితే చిగురు చీలుతుంది. నోట్లో ఏ లోపమూ లేదంటే టాన్సిల్ గుంటల్లో చేరిన తెల్లటి ఉండలు, సైనస్, అసిడిటీ వంటివి చూపించుకోవాలి. చిన్నపిల్లలకు ఒక్క ముక్కు రంధ్రంలోంచే చీముతో దుర్వాసన వస్తుంటే లోపల పూసో, గింజో ఇరుక్కుని ఉండవచ్చు. మీరు లాగే ప్రయత్నం చేయకుండా డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళ ఊపిరి పండ్ల వాసన వేస్తూ, దాంతోపాటు వాంతులు, విపరీతమైన దాహం, ఆయాసం, మగత కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.