పత్తి చెత్త బెడ్లలో పచ్చ బూజు: విత్తనాన్ని తప్పుపట్టే ముందు

జిన్నింగ్ మిల్లు పత్తి చెత్తతో వేసిన ముత్యపు చిప్ప పుట్టగొడుగుల బెడ్లలో, అంటే చెత్త, విత్తనం కలిపి నింపిన సంచుల్లో, వారం పది రోజులకు పచ్చ మరకలు కనబడగానే, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలామంది మొదట చేసే పని విత్తనం ఇచ్చినవారితో తగాదా పెట్టుకోవడం. అంతకంటే ముందు ఒక సంచిని గది బయటకు, దూరంగా తీసుకెళ్లి కోసి, పచ్చదనం ఎక్కడ మొదలైందో చూడాలి. పుట్టగొడుగు విత్తనమంటే దాని బూజును పెంచిన గింజలే; ఆ గింజల మీదనే పచ్చదనం మొదలైతే విత్తనాన్ని అనుమానించవచ్చు. సంచి మూతి దగ్గరో, రంధ్రాల దగ్గరో మొదలైతే చేతుల శుభ్రత, గది శుభ్రత చూసుకోవాలి. గింజలకు దూరంగా, బెడ్డు లోపలి నుంచి పుట్టుకొస్తే లోపం చెత్తను ఉడికించడంలో ఉన్నట్టు. రెండు నిమిషాల ఈ పరీక్షను ఎందుకు దాటవేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ మూడవ రకమే నన్ను బాగా దెబ్బతీసింది. ఒక చలికాలం 120 బెడ్లు వేస్తే 80కి పైగా పారబోశాను. పిడికిట పిండితే రెండు మూడు చుక్కలే రాలాయి కనుక తేమ సరిగానే ఉందనుకున్నాను, డ్రమ్ములో ఆవిరి కూడా చాలాసేపు పెట్టాను. చివరకు ఒక చెత్త ఉండను చీల్చి చూస్తే లోపల పొడి దూది, మిల్లు నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దూది పీచుపై సహజంగా ఉండే పలుచని మైనపు పొర నీటిని తొందరగా లోపలికి పోనివ్వదు. పైన తడిసి, నడుమ పొడిగా మిగిలిన ఉండలోకి వేడి మెల్లగా దిగుతుంది. అందులోని బూజు బీజాలు కూడా పొడిగా ఉన్నందున ఎక్కువ వేడిని తట్టుకొని బతుకుతాయి. పిడికిలి పరీక్షకు ఈ సంగతి అందదు.

అందుకే చెత్తను పొడిగా ఉన్నప్పుడే చేతితో విడదీసి, నీళ్లు చల్లుతూ తొక్కి, కుప్పను తిరగేసి, రాత్రంతా నాననివ్వాలి. తెల్లవారి కుప్ప నడుమ నుంచి పది ఉండలు తీసి చీల్చాలి. ఒక్కటి పొడిగా కనబడినా మళ్లీ తొక్కాలి. ఆ తరువాత డ్రమ్ము నడుమ థర్మామీటరు గుచ్చి, అక్కడ 80 డిగ్రీలు దాటాకే రెండు గంటలు లెక్కపెట్టాలి. ఆవిరి పైకి రావడం మొదలైన క్షణం నుంచి లెక్కపెడితే ఫలితం ఉండదు.

మిర్యాలగూడ మిల్లుల తవుడును బలానికని మోతాదు మించి కలిపితే బెడ్డు లోపల వేడెక్కి ఇదే బూజు వస్తుంది, కనుక తవుడు తగ్గించండి. పుల్లటి వాసన వస్తే నీరు ఎక్కువైనట్టు. కాడలు పొడుగై, గొడుగులు చిన్నవైతే గదికి గాలి చాలడం లేదు. ఎండాకాలంలో ముత్యపు చిప్ప రకంతో కుస్తీ పట్టకుండా పాల పుట్టగొడుగులకు మారడమే మేలు. పత్తి మీది మందుల అవశేషాల వల్ల బూజు వస్తుందనే మాటను నేను లెక్కలోకి తీసుకోను.

పచ్చబడిన సంచులను గదిలో విప్పవద్దు. మూతి కట్టి ఉన్నట్టే తీసుకెళ్లి, చెత్త నానబెట్టే చోటికి దూరంగా పూడ్చండి.