ఆవాలు కూడా మస్టర్డే: బ్రిటన్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదవడానికి వెళ్తున్నవారికి

మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. పక్క పోర్షన్ వాళ్లబ్బాయి సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో ఇంగ్లండ్ వెళ్లాడు. హాస్పిటాలిటీ అండ్ టూరిజం మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్. వాళ్లమ్మగారు ఫోన్ పట్టుకుని వచ్చి, "బాబూ, వీడితో ఒక్కసారి మాట్లాడు, రెండు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు" అన్నారు.

కాలేజీ ట్రైనింగ్ రెస్టారెంట్‌లో వాడిది సర్వీస్ డ్యూటీ. ఒకావిడ సలాడ్ చూపించి ఇందులో నువ్వులు ఉన్నాయా అని అడిగింది. పైకి కనపడలేదు కాబట్టి లేవని చెప్పేశాడు. డ్రెస్సింగ్‌లో నువ్వుల నూనె ఉంది. వెనకే ఉన్న సూపర్‌వైజర్ విని ఆవిడ ఫోర్కు ఎత్తకముందే ప్లేటు తీసేసింది. "అన్నా, నన్ను కోర్సులోంచి తీసేస్తారా?" అని ఒకటే ఏడుపు.

వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. వీసా, హెల్త్ సర్‌ఛార్జి, బ్యాంక్ బ్యాలెన్స్, రూమ్ సంగతులు మీరు ఎవరినడిగినా చెబుతారు. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీలు తిరిగిన పిల్లలు చాలామంది నా దగ్గరికి వచ్చారు. కొన్ని తిండి పదార్థాలు కొందరికి పడక ప్రాణం మీదికి వస్తుందన్న ఈ అలర్జీ సంగతి మాత్రం వాళ్లలో ఒక్కరికి కూడా ఎవరూ చెప్పలేదు.

నేను అక్కడ కోర్సులో చేరింది 2018 సెప్టెంబర్‌లో. సరిగ్గా ఆ నెలలోనే అక్కడ ఒక మరణంపై విచారణ జరిగింది. 2016లో పదిహేనేళ్ల అమ్మాయి ఎయిర్‌పోర్టులో బాగెట్ శాండ్‌విచ్ కొనుక్కుని తిన్నది, విమానంలో కుప్పకూలింది, ఆ రోజే చనిపోయింది. ఆ అమ్మాయికి నువ్వులు పడవు. బ్రెడ్ పిండిలోనే నువ్వులు కలిపారు. ప్యాకెట్ మీద ఆ మాట లేదు. తర్వాత ఆ అమ్మాయి పేరు మీదే నటాషా చట్టం వచ్చింది. 2021 అక్టోబర్ 1 నుంచి, షాపులోనే చేసి ముందుగా ప్యాక్ చేసి అమ్మే ప్రతిదాని మీదా దినుసులన్నీ రాయాలి, అందులో అలర్జెన్లు, అంటే అలర్జీ తెప్పించే దినుసులు, కొట్టొచ్చినట్టు కనపడాలి. రెస్టారెంట్లు 14 రకాల అలర్జెన్ల వివరాలు చెప్పి తీరాలన్న నిబంధన అయితే 2014 డిసెంబర్ నుంచే ఉంది.

విచారణ జరుగుతున్నన్నాళ్లూ ఆ వార్తలు చదివాను. చదివి కూడా నవంబర్‌లో నేను చేసిన పని చూడండి.

ట్రైనింగ్ కిచెన్‌లో ఇండియన్ నైట్ పెట్టారు. మనవాడివి కదా అని పప్పు నాకప్పగించారు. ఇంట్లో అమ్మ పెట్టినట్టే తాలింపు పెట్టాను. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ. కాసేపటికి సర్వీస్ వైపు నుంచి ఒకమ్మాయి వచ్చి, "టేబుల్ ఫోర్‌కి మస్టర్డ్ అలర్జీ, పప్పులో మస్టర్డ్ ఉందా?" అని అడిగింది. "నో మస్టర్డ్" అన్నాను, తల కూడా ఎత్తకుండా. నా మనసులో మస్టర్డ్ అంటే సీసాలో వచ్చే పసుప్పచ్చ సాస్. పప్పులో సాస్ ఎవరు వేస్తారు?

చెఫ్ ఏమీ అనలేదు. గరిటెతో కొంచెం పప్పు తీసి తెల్ల ప్లేటులో వేశాడు. చిన్న నల్ల గింజనొకదాన్ని చూపుడువేలితో పక్కకు జరిపి, "ఇదేంటి?" అన్నాడు. నా నోటికి ఆవాలు అనే మాటే వచ్చింది, ఇంగ్లీషు మాట రాలేదు. షెల్ఫ్ మీద నుంచి ప్యాకెట్ తీసి నా ముందు పెట్టాడు. మస్టర్డ్ సీడ్స్ అని పెద్ద అక్షరాలతో ఉంది. అరగంట కిందట కత్తెరతో నేనే కత్తిరించిన ప్యాకెట్ అది. తర్వాత ఇంగువ డబ్బా వెనక్కి తిప్పాడు. అందులో గోధుమపిండి. అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ పడనివాళ్లెవరైనా అడిగి ఉంటే, పప్పే కదా అని వాళ్లకూ ధైర్యంగా పెట్టేవాణ్ని. ఆ రాత్రి రూమ్‌కి వెళ్లి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఇప్పటికీ తాలింపు చిటపటలాడితే ఆ తెల్ల ప్లేటు గుర్తొస్తుంది.

అందుకే చెబుతున్నాను. ఆ 14 పేర్లు విమానం ఎక్కకముందే నోటికి రావాలి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యలూ పీతలూ, నత్తగుల్లల జాతి, వేరుశనగ, ట్రీ నట్స్ అనే బాదం జీడిపప్పు వగైరా, నువ్వులు, ఆవాలు, సోయా, సెలరీ, లూపిన్, సల్ఫైట్లు. సెలరీ అనే కాడ కూర, లూపిన్ అనే చిక్కుడు జాతి గింజ మనకు కొత్త. సల్ఫైట్లంటే నిల్వ కోసం కలిపేవి. మిగతావి చాలావరకు మన వంటింటి డబ్బాల్లోవే. అసలు చిక్కు అక్కడే ఉంది. గుత్తివంకాయలో నువ్వులు, పల్లీలు రెండూ పడతాయి. పాయసంలో జీడిపప్పు. నెయ్యి అంటే పాలే. పుట్టినప్పటి నుంచి తింటున్నాం కాబట్టి అవి ఒకరి ప్రాణం తీస్తాయని మనకు తట్టదు. వాళ్ల సీసాలనూ నమ్మొద్దు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది. లేబుల్ ప్రతిసారీ చదవాలి. బ్రాండ్ మారితే దినుసులు కూడా మారతాయి.

ఇంకొక అలవాటు మానుకోవాలి. ఎవరేమడిగినా "పర్లేదండీ, ఏం కాదు" అనేస్తాం. అతిథిని కంగారుపెట్టకూడదన్న మర్యాద అది. మన ఊళ్లో నడుస్తుంది. అక్కడ ఆ మాటతో మనిషి ఆస్పత్రి పాలవుతాడు. తల అటూ ఇటూ ఊపకండి, అది అవునో కాదో వాళ్లకు అర్థం కాదు. "లెట్ మీ చెక్ విత్ ది చెఫ్" అనండి, లోపలికి వెళ్లండి, ఏ వంటకంలో ఏ అలర్జెన్ ఉందో రాసి ఉండే అలర్జెన్ షీట్ చూసి, చెఫ్‌ను అడిగి, తిరిగొచ్చి చెప్పండి. తెలియదు అంటే మార్కులు పోతాయని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఎన్నిసార్లు చెప్పాలి తమ్ముడూ, తెలియకుండా చెబితేనే పోతాయి!

ప్లేటులో పడ్డ జీడిపప్పు ఏరేస్తే సరిపోదు, కొత్త ప్లేటు చేయాలి. రొయ్యలు వేయించిన నూనెలోనే చిప్స్ వేయిస్తే ఆ చిప్స్‌కీ రొయ్యలు అంటినట్టే. శానిటైజర్ రాసుకుంటే చేతికంటిన పల్లీ పొడి పోదు, సబ్బు నీళ్లతో కడగాలి. ఊదారంగు చాపింగ్ బోర్డు కనిపిస్తే అది అలర్జీ ఆర్డర్ల కోసం విడిగా పెట్టింది, దాని మీద ఉల్లిపాయ కూడా కోయకండి. ఒకవేళ ఎవరికైనా ఊపిరాడక గొంతు బిగుసుకుపోతుంటే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి "అనాఫిలాక్సిస్" (ప్రాణాంతకమైన అలర్జీ) అనే మాట చెప్పాలి. ఆ మనిషి దగ్గర అడ్రినలిన్ మందు ఇంజెక్టర్ ఉంటే వెంటనే వాడాలి, లేపి నడిపించకూడదు. ఫుడ్ హైజీన్ లెవెల్ టూ ఆన్‌లైన్ పరీక్ష స్నేహితుడి చేత క్లిక్ చేయించుకునేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డిగ్రీ స్థాయి కోర్సుకు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల దాకానే పని చేయొచ్చు, వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. మాస్టర్స్ వాళ్లకు వేసవి మామూలుగా సెలవు కింద రాదు, డిసర్టేషన్, అంటే ఆఖరి పరిశోధన రిపోర్టు రాసే కాలం అది. అప్పుడు ఫుల్ టైమ్ చేసి చిక్కుల్లో పడకండి. ఫుడ్ డెలివరీ యాప్‌ల పని సొంత వ్యాపారం కిందికి వస్తుంది, స్టూడెంట్ వీసా మీద కుదరదు. కోర్సులో భాగంగా చేసే ఏడాదిలోపు ప్లేస్‌మెంట్ అనే పని శిక్షణకు కనీస వేతనం ఇవ్వాలన్న హక్కు లేదు. ఆ డబ్బు మీద అప్పు లెక్కలు వేసుకోవద్దు. 2024 అక్టోబర్ నుంచి టిప్పులు యజమాని కోత పెట్టుకోకుండా సిబ్బందికే ఇవ్వాలి. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. 2027 జనవరి నుంచి అప్లై చేసేవారికి 18 నెలలే. నాన్నగారికి ఈ లెక్క ముందే చెప్పండి. నల్లటి, జారని బూట్లు అక్కడే కొనుక్కోండి. సూట్‌కేసులో నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి పెట్టకండి, మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. ఆవకాయ పెట్టుకోండి, కానీ మీ ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు ఏదైనా పడదేమో అడిగాకే మూత తీయండి.

ఇంత భయపెట్టాక ఒకటి చెప్పక తప్పదు. నన్ను ఎవరూ తీసేయలేదు. నాలుగు వారాలపాటు అలర్జెన్ షీట్ నింపే పని నాకిచ్చారు. ఫిబ్రవరికల్లా ఇండియన్ మెనూ ఏదొచ్చినా ముందు నన్నే అడిగేవాళ్లు. ఆ పిల్లాణ్ని కూడా తీసేయరు. వాడి సూపర్‌వైజర్ మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని షీట్ చదవడం నేర్పిందట. తప్పు టేబుల్ దాటకముందే పట్టుకోవడానికే ట్రైనింగ్ రెస్టారెంట్‌లో అంతమంది నిలబడి ఉంటారు. మీకూ అలవాటవుతుంది, మొదటి రెండు మూడు నెలలే కష్టం.

నేను బయల్దేరేటప్పుడు వాళ్లమ్మగారు వాడికి పార్శిల్ కడుతున్నారు. కందిపొడి, నువ్వుల కారం, పల్లీల పొడి. మూడు డబ్బాల మీదా తెల్ల కాగితం అంటించి, లోపల ఏమేం ఉన్నాయో ఇంగ్లీషులో రాయించాను. కందిపొడి దగ్గర ఆగి, "ఇందులో ఇంగువ వేశాను బాబూ, గోధుమ అని కూడా రాయాలా?" అని అడిగారు. ఇంగువ డబ్బా తెమ్మన్నాను, ఇద్దరం కలిసి చదివి రాశాం.