దేవుని మాట పేరుతో వచ్చే మోసాన్ని పసిగట్టడం ఎలా?

యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి అపవాది చెప్పింది బూతుమాట కాదు, వచనం. 91వ కీర్తనలోది. అందులోనూ "నీ మార్గములన్నిటిలో" అనే మాటను మింగేసి, మిగతాది చదివాడు (మత్తయి 4:6). అందుకే మోసం మన సంఘాల్లోకి బయటి వేషంలో రాదు. మన పాటలే పాడుతుంది, మన బైబిలే పట్టుకుంటుంది, "వందనాలు అక్కా" అంటూ గడప తొక్కుతుంది. ఒంగోలు, కావలి, కందుకూరు, కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు డబ్బు చేతికొచ్చే రోజుల్లోనో, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడో ఈ రాకపోకలు ఎక్కువ.

పరీక్షించడం అవిశ్వాసం కాదు. "ప్రతి ఆత్మను నమ్మక" పరీక్షించమని రాసినవాడు యోహాను (1 యోహాను 4:1). పౌలు బోధించినప్పుడు కూడా బెరయ అనే ఊరివాళ్లు లేఖనాలు తీసి సరిచూసుకున్నారు. ఆ సంగతి రాసిన లూకా వాళ్లను తిట్టలేదు, ఘనులన్నాడు (అపొ. కార్యములు 17:11). పౌలుకే తప్పని పరీక్ష, నిన్న కారు దిగిన దైవజనుడికి తప్పుతుందా?

1. మొదట గడువు పెట్టండి

అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. తప్పుడు ప్రవచనానికి ఊపిరి తొందర. "ఈ రాత్రే కానుక వేయాలి", "ఈ ఘడియ దాటితే తలుపు మూసుకుపోతుంది", "ఎవరితోనూ చెప్పకుండా లోబడు". ఇలాంటి మాట చెవిన పడగానే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి: డబ్బు, పెళ్లి, పొలం, మందులు, ఉద్యోగం, ఈ ఐదింటి మీద ఎవరు ఏ ప్రవచనం చెప్పినా 3 రోజులు ఏమీ చేయం. అడిగినవాళ్లకు ఒకటే జవాబు: "మంచిదయ్యగారూ, ప్రార్థన చేసుకుని, ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం."

దీనికి మాదిరి యిర్మీయా. హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందని చెప్పాడు. యిర్మీయా అక్కడికక్కడ గొడవ పడలేదు. "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు, జరిగితేనే ప్రవక్త అని తెలుస్తుందన్నాడు, తన దారిన వెళ్లిపోయాడు. హనన్యాకు జవాబు ఆ తర్వాత దేవుని దగ్గర నుంచి వచ్చింది (యిర్మీయా 28). నిజంగా దేవుడు చెప్పిన మాటైతే 3 రోజుల్లో పులిసిపోదు.

రాత్రంతా మెలకువ ప్రార్థనలో ఉన్నప్పుడు, ఉపవాసం రెండో మూడో రోజున ఏ మాటా ఇవ్వకండి. ఆ వేళ ఒంట్లో ఓపిక ఉండదు, మనసు మెత్తబడి ఉంటుంది, మైకులో అడిగినదానికల్లా చెయ్యి లేస్తుంది. అన్నం తిని, ఒక రాత్రి నిద్రపోయాక కూడా అదే మనసు ఉంటే అప్పుడు చూద్దాం.

2. చెప్పిన మాట చెప్పినట్టు రాసుకోండి

10 రూపాయల నోటుపుస్తకం చాలు. తేదీ, చెప్పినవారు, చెప్పిన మాట, గడువు, జరిగిందా లేదా: ఐదు గళ్లు గీయండి. ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెల తర్వాత గుర్తు చేసుకుని రాస్తే, జరిగినదానికి తగ్గట్టు మాట మారిపోతుంది. మనకు తెలియకుండానే మనమే మారుస్తాం.

రాయడం మొదలుపెట్టగానే చాలా ప్రవచనాలు పట్టుకోవడానికి పిడి లేకుండా ఉంటాయని తెలుస్తుంది. "నీ కుటుంబంలో ఒక పెద్ద మార్పు చూస్తున్నాను." మార్పు లేని కుటుంబం ఎక్కడుంది? "ఇక్కడ నడుము నొప్పితో బాధపడే ఒక సహోదరి ఉంది." వరినాట్లకు వంగి వంగి వచ్చిన ఐదొందల మంది కూర్చున్న పందిట్లో ఒక్క నడుము నొప్పేనా? పేరు, ఊరు, సమస్య కలిపి చెప్పినప్పుడు అది ఎక్కడ నుంచి వచ్చి ఉండొచ్చో చూడండి. గేటు దగ్గర రాయించుకున్న ప్రార్థన చీటీలో అవన్నీ ఉన్నాయా? వాట్సాప్ గ్రూపులో మీ ఇంటి సంగతి ముందురోజే ఎవరన్నా పెట్టారా? మిమ్మల్ని తీసుకొచ్చినావిడ వేదిక మీదివాళ్లకు చుట్టమా? ఈసారి చీటీ మీద పేరు రాసి, కింద "ప్రార్థన చేయండి" అని మాత్రమే రాయండి. దేవునికి చీటీ అక్కర్లేదు.

ప్రవక్త చెప్పింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదని ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండము 18:22). ఇది అందరికీ తెలుసు. దానికి ముందున్న 13వ అధ్యాయాన్ని మాత్రం మరిచిపోతారు. చెప్పిన సూచన జరిగినా సరే, దాని వెంట వేరే దేవుని వైపు లాగితే వాని మాట వినొద్దని అక్కడుంది. అంటే తప్పితే అబద్ధం, కానీ నిజమైనంత మాత్రాన చాలదు. అద్భుతం చూశాం కాబట్టి బోధ కూడా సరైనదేననుకోవడం దగ్గరే చదువుకున్నవాళ్లు సైతం జారిపోతారు.

3. వచనాన్ని దాని చోట చదవండి

వేదిక మీద ఒక వచనం చదివితే ఇంటికొచ్చి దాని ముందు 10, వెనక 10 వచనాలు చదవండి. ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో అన్నారో రెండు మాటల్లో చెప్పగలిగితే చాలు. ఎక్కువగా వినబడేవి మూడు.

కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశాలని ఉన్న మాట నిజం. దానికి ఒక్క వచనం ముందు చదవండి: బబులోనులో 70 ఏళ్లు గడిచాక అని ఉంది. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం; దాన్ని అందుకున్నవాళ్లలో చాలామంది చెరలోనే ముసలివాళ్లయి చనిపోయారు. వాగ్దానం నిజమే, ఈ ఉగాదికి ఇల్లు కట్టిస్తుందని మాత్రం కాదు.

3 యోహాను 2. "అన్ని విషయాల్లో వర్ధిల్లుతూ" అనే మాట. యోహాను గాయుకు ఉత్తరం మొదట్లో క్షేమం కోరుతున్నాడు, మనం "అందరూ కుశలమని తలుస్తాను" అని రాసినట్టు. దాన్ని ధనవంతులయ్యే సూత్రంగా చేస్తే, జైలు నుంచి ఉత్తరాలు రాసిన పౌలు సంగతేంటి?

మూడోది కీర్తన 105:15, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు". కానుక లెక్క అడిగినా, బోధలో తప్పుందన్నా ఈ వచనం తీసి నోరు మూయిస్తారు. ఆ కీర్తన మాట్లాడేది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. పరదేశులుగా తిరుగుతున్న వాళ్లకు కీడు చేయొద్దని రాజులకు చెప్పిన మాట అది. ప్రశ్న అడగొద్దని కాదు. దావీదు అభిషిక్తుడైన సౌలును చంపలేదు గానీ, గుహ బయట నిలబడి అందరూ వినేలా నిలదీశాడు (1 సమూయేలు 24). పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీయులకు 2:11). ఎవరైనా ఈ వచనాన్ని మీ మీదికి విసిరితే, మీరు అడిగిన ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదని అర్థం చేసుకోవచ్చు.

4. డబ్బు దారి చూడండి

పేద సంఘాలకు సంగీత వాయిద్యాలు, పందిరి, కరెంటు ఖర్చు ఉంటాయి. కానుక అడగడమే మోసం కాదు. చూడాల్సింది అది ఎక్కడికి వెళ్తోందన్నది. ఫోన్‌పే చేసే ముందు తెర మీద వచ్చే పేరు చదవండి. సంఘం పేరు వచ్చిందా, మనిషి పేరు వచ్చిందా? సొసైటీగా రిజిస్టరైన సంఘానికి సొంత బ్యాంకు ఖాతా ఉంటుంది. డబ్బా ఎవరు తెరుస్తారు, ఎంతమంది లెక్కిస్తారు? తక్కువలో తక్కువ ఇద్దరు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, అందులో కాపరి ఉండకపోవడమే ఆయనకు మంచిది. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం ఎత్తిన చందాను ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని పక్కన పెట్టుకున్నాడు, మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కారణం రాశాడు (2 కొరింథీయులకు 8:19-21).

ప్రార్థనకు ధర కట్టినచోట ఆగకండి. నూనె సీసాకింత, రుమాలుకింత, పేరు పెట్టి ప్రార్థిస్తే ఇంకొంత అన్నారంటే అది సీమోను వ్యాపారమే. కాకపోతే సమరయలో సీమోను దేవుని వరాన్ని డబ్బిచ్చి కొనబోయాడు (అపొ. కార్యములు 8), ఇక్కడ అమ్ముతున్నారు. నయమానుకు కుష్ఠు బాగయ్యాక ఎలీషా కానుక ముట్టలేదు. వెనకాల పరుగెత్తి తెచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి ఏం అంటుకుందో 2 రాజులు 5లో ఉంది.

ఈ నేల మీద జరిగిందే ఒకటుంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. కూలి కోసం వస్తున్నారేమోనని, ఆ పని సాగినంతకాలం ఇవ్వకుండా ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంకె అందరూ చెబుతారు, అంతకుముందు ఆగి ఎదురుచూసిన సంగతి తక్కువమంది చెబుతారు. అన్నానికీ విశ్వాసానికీ మధ్య ఎడం పెట్టడానికి బోధకుడే పూనుకుంటే ఎలా ఉంటుందో అది.

5. మందులు ఆపమన్నారంటే అక్కడితో ఆపండి

ఈ ఒక్కదానికి 3 రోజుల గడువు కూడా అక్కర్లేదు. స్వస్థత కోసం ప్రార్థించడం వేరు, "విశ్వాసం ఉంటే మాత్రలు పారేయి" అనడం వేరు.

బీపీకి చాలాసార్లు నొప్పి ఉండదు. కాబట్టి "బాగున్నట్టుంది" అన్న సాక్ష్యానికి విలువ లేదు, పట్టీ కట్టి చూస్తేనే తెలుస్తుంది. టీబీ మందులు మామూలుగా 6 నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒంటికి బలం వస్తుంది, అప్పుడే "స్వస్థత వచ్చింది" అని మానేస్తారు. మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తిరగబడతాయి, ఇంట్లోవాళ్లకూ అంటుకుంటాయి. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్లు ఆగకుండా రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు ఒకటి రెండు రోజులు ఆపినా ప్రమాదమే. అలా ఆపాక వాంతులు, ఆయాసం, మత్తు కనిపిస్తే ప్రార్థన చేస్తూనే 108కి ఫోన్ చేయండి.

స్వస్థత నిజమైతే పరీక్షకు భయపడదు. కుష్ఠరోగులను యేసు యాజకులకు చూపించుకోమన్నాడు (లూకా 17:14). ఆ రోజుల్లో శుద్ధి అయ్యిందని తేల్చేది యాజకుడే. ఈ రోజుల్లో ఆ పని డాక్టరుది. మందు తగ్గించేదీ, ఆపేదీ రిపోర్టు చూసి ఆయనే. జబ్బు తగ్గకపోతే "నీకు విశ్వాసం లేదు" అని రోగి మీద నింద వేస్తే, తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చిన పౌలు కథ అడగండి (2 తిమోతి 4:20). క్యాన్సరు, షుగరు, మూర్ఛ లాంటి జబ్బులు మహిమలతో నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం కూడా.

6. పేరు పెట్టి వేలు చూపిస్తే, తలుపు మూస్తే

"మీ ఇంటికి చేతబడి చేశారు" అని, పక్కింటావిడనో అత్తనో తోటికోడలినో చూపించే మనిషిని రెండోసారి ఇంట్లోకి రానివ్వకండి. ఊళ్లలో ఈ ఒక్క మాటతో కొట్లాటలు, హత్యలు జరిగాయి. ఆడవాళ్లకు, పిల్లలకు గదిలో ఒంటరిగా విడుదల ప్రార్థన అంటే ఒప్పుకోవద్దు. ఇంటిమనిషి పక్కన ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. దయ్యం వదలాలని కొట్టడం, కట్టేయడం, కారం పొగ పెట్టడం ప్రార్థన కాదు, నేరం. పిల్లల విషయమైతే 1098, స్త్రీలకు 181, తక్షణ ప్రమాదమైతే 112.

7. ఫోన్లో వచ్చేవి

పేరున్న బోధకుడి ముఖంతో, గొంతుతో వీడియో వచ్చి కానుక అడిగితే నమ్మకండి. గొంతును, ముఖాన్ని కంప్యూటరుతో తయారు చేస్తున్నారు. ఆయన సొంత ఛానల్లోకి మీరే వెళ్లి అదే ఉందేమో చూడండి. విదేశీ సహోదరి మందిరం కట్టడానికి డబ్బు పంపింది, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, కొంత కట్టి విడిపించుకోమంటూ పల్లె కాపరులకే గాలం వేస్తారు. డబ్బు రావడానికి ముందు డబ్బు కట్టాల్సిన పని ఎక్కడా లేదు, యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టాల్సిన పనీ లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ అది ఖాతాలు మారిపోతుంది.

8. ఇంట్లోవాళ్లు ఇప్పటికే చిక్కుకుంటే

ఎగతాళి చేయకండి. "అమ్మా, నిన్ను మోసం చేశారు" అంటే ఆమె తన దైవజనుణ్ని వెనకేసుకొస్తుంది, మనం హింసించేవాళ్ల జాబితాలో చేరతాం. "ఆయన ఏమన్నాడమ్మా, ఎప్పటికి జరుగుతుందన్నాడు?" అని అడిగి, ఆమె చేతే నోటుపుస్తకంలో రాయించండి. తేదీ దాటాక మళ్లీ తెరవండి. మీరేం అనక్కర్లేదు. ఆమె గౌరవించే పాత కాపరినో, సంఘ పెద్దనో, మేనమామనో ఒకరిని కలుపుకోండి.

కాపరి మీదే అనుమానమైతే మొదట ఆయన్ను ఒంటరిగా అడగండి, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాత సంఘానికి (మత్తయి 18:15-17). ఇది డబ్బు లెక్కకు, బోధకు సరిపోయే దారి. పిల్లల మీద, ఆడవాళ్ల మీద చెయ్యి పడ్డ సంగతైతే సంఘ పెద్దల పంచాయితీకి పెట్టకూడదు, నేరుగా పోలీసులకే. ఒక మోసాన్ని పట్టుకున్న ఊపులో ప్రతి పాస్టరూ దొంగేనని గ్రూపుల్లో వీడియోలు పంపేవాళ్లూ ఉన్నారు. పెద్ద మీద నింద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా తీసుకోవద్దన్నది కూడా ఆ బైబిల్లోనే ఉంది (1 తిమోతి 5:19). మీ నోటుపుస్తకంలో రాసి ఉన్నదే చెప్పండి, విన్నది చెప్పకండి.

మందులు ఆపేసి ఉంటే పాత చీటీ తీసుకుని ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రికైనా, దగ్గర్లోని పీహెచ్‌సీకైనా వెళ్లండి. ఎన్ని రోజుల నుంచి ఆపారో దాచకుండా చెప్పండి. ఆపిన మాత్ర పాత మోతాదులోనే మొదలుపెట్టాలా, తగ్గించి మొదలుపెట్టాలా అన్నది ఆ రోజుల లెక్క మీద ఆధారపడి ఉంటుంది.