నచ్చిన పుస్తకాన్ని నలుగురికీ పరిచయం చేయడం ఎలా

మంచి పుస్తకమేదైనా చెప్పమని అడిగినవారికి వెంటనే ఒక పేరు చెప్పకుండా, చదివేది ఎవరో, వారు ఈ మధ్య చివరిదాకా చదివిన పుస్తకమేదో, మధ్యలో వదిలేసినదేదో ముందుగా తెలుసుకోవాలి. ఈ మూడింటిలో వదిలేసిన పుస్తకమే ఎక్కువ సంగతులు చెబుతుంది. వర్ణనలు భరించలేక వదిలారా, యాస అందక వదిలారా, తీరిక దొరకక వదిలారా అన్నది తేలితే సగం పని అయినట్టే.

తీరిక లేదనే పెద్దలకు నేను సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ సూచిస్తాను. అందులోని నూరు కథలూ చిన్నవే కనుక పడుకోబోయే ముందు ఒకటి చదివి పుస్తకం మూసేయవచ్చు. వరుస తప్పినా నష్టం లేదు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ ఇచ్చేటప్పుడు మాత్రం మూడు భాగాలూ ఒక్కసారే చేతిలో పెట్టకూడదు. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు సాగిన ప్రయాణం ఉన్న మొదటి భాగం ఇస్తే, నచ్చినవారు మిగతావి వారే అడుగుతారు. చిత్తూరు యాసలో నామిని రాసిన కథలంటే నాకు ప్రాణం. అయినా, అక్షరాలు కూడబలుక్కుని చదివే, విదేశాల్లో పెరిగిన పిల్లలకు వాటిని పక్కన కూర్చుని చదివి వినిపించడమే మేలు. కంటికి కొరుకుడుపడని మాట చెవికి ఇట్టే అందుతుంది.

ఇక పరిచయం రాయడం. ‘అద్భుతం’, ‘హృద్యం’, ‘తప్పక చదవాలి’ వంటి మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి కనుక వాటివల్ల చదివేవారికి ఒరిగేదేమీ లేదు. వాటికి బదులు ఒక్క సన్నివేశాన్ని దగ్గరగా చూపించాలి. జపాను రచయిత్రి తెత్సుకో కురొయానగి తన చిన్ననాటి చదువు గురించి రాసిన పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. అల్లరి భరించలేక మొదటి బడివారు పంపేసిన చిన్నపిల్లను కొత్త బడి హెడ్మాస్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కసారైనా ఆవలించకుండా, విసుక్కోకుండా, నాలుగు గంటలపాటు ఆ పిల్ల చెప్పినదంతా వింటాడు. ఆ గదిలో జరిగినది నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు, పుస్తకం ఎటువంటిదో తల్లిదండ్రులకు అర్థమవుతుంది. అయితే పోలియో వచ్చిన స్నేహితుడు చనిపోవడం, యుద్ధంలో ఆ బడి బాంబుల వల్ల తగలబడిపోవడం కూడా అందులోనే ఉన్నాయి. పిల్లల పుస్తకాన్ని పరిచయం చేసేవారు ఇటువంటి విషయాలు దాచకూడదు. ఆ పేజీలు వచ్చేసరికి పెద్దవారెవరైనా పక్కన ఉండాలని ముందే చెప్పడం పిల్లల పట్ల మన బాధ్యత.

పెద్దల నవలల విషయంలో కథ ఎంతవరకు చెప్పాలన్నది ఎప్పుడూ ఉండే చిక్కు. మొదటి నాలుగోవంతు దాటి చెప్పకపోవడం మంచిదని నా అభిప్రాయం. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ గురించి రాసేవారిలో చాలామంది ఇందిర మంచిదో చెడ్డదో తీర్పు చెప్పి ముగిస్తారు. తండ్రి భారాన్ని మోస్తూ, ఉద్యోగం చేసుకుంటూ, తన సుఖాన్ని తానే వెతుక్కునే ఆ అమ్మాయి మీద మీకు ఎక్కడ కోపం వచ్చిందో, ఎక్కడ ఆ కోపం తగ్గిందో రాయండి. తీర్పును చదివేవారికే వదలండి. నచ్చని భాగం ఉంటే అదీ, ఏ పుటల్లో ఎందుకు నచ్చలేదో కారణంతో సహా రాయాలి. లోపం చెప్పగలిగినవారి మెచ్చుకోలునే పాఠకులు నమ్ముతారు.

ప్రచురణకర్త పేరు, పుటల సంఖ్య, మీరు చదివినది ఎన్నో ముద్రణ అన్నవి పరిచయం చివర తప్పకుండా ఇవ్వాలి. చూపు తగ్గిన పెద్దలకు సూచించే పుస్తకమైతే అక్షరాలు ఎంత పెద్దవో, కాగితం అవతలి అచ్చు ఇవతలికి కనబడుతుందో లేదో కూడా చెప్పాలి.