అద్దె ఇంట్లో వేప్ పీల్చేవారికి

ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో ఆరుగురం కలిసి ఉంటున్న అద్దె ఇల్లు మాది. వంటగది ఒక్కటే. సిగరెట్ మానడానికి వేప్, అంటే ఈ-సిగరెట్, పట్టుకున్నది నేనొక్కడినే. పొగ కాదు, ఉత్త ఆవిరే కదా అని మొదట్లో ఎక్కడ పడితే అక్కడ పీల్చేవాడిని. ఒక ఆదివారం ఇంట్లో ఒక కుర్రవాడు పులిహోరకు పోపు పెడుతున్నాడు. ఇంగువ ఘుమఘుమ మీద నా మామిడి ఫ్లేవర్ వెళ్లి పడింది. “అన్నా, ఇది పులిహోరా, జ్యూసా?” అని నవ్వుతూనే అడిగాడు. తరువాత పళ్లెం తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

కాబట్టి ముందు అడగండి. అందరూ కూర్చున్నప్పుడు మాత్రం అడగకండి. మనవాళ్ల మొహమాటానికి అందరూ “ఫరవాలేదు” అనేస్తారు. ఒక్కొక్కరినీ విడిగా అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మా ఇంట్లో ఒకరికి ఉబ్బసం ఉందని నాకు అలాగే తెలిసింది. అద్దె ఒప్పందం కూడా ఒకసారి తిరగేయండి, వేప్ వద్దని అందులోనే రాసి ఉండవచ్చు. ఇంగ్లండ్‌లో 2007 జూలై 1న అమలులోకి వచ్చిన ధూమపాన నిషేధంలో వేప్ ప్రస్తావన లేదని వాదించేవారున్నారు. పక్క గదివాడితో చట్టం మాట్లాడి ఏం లాభం?

సొంత గదిలోనైనా కిటికీ తెరిచి పీల్చండి. నేను కొన్నాళ్లు మూసే ఉంచాను. ఒకరోజు అద్దం మీద వేలితో గీస్తే జిడ్డుగా చార పడింది. వేప్‌లో పోసే ద్రవంలోని గ్లిజరిన్ అలా పేరుకుంటుంది. పరదాలకూ పట్టుకుంటుంది.

మెట్ల దగ్గరి పొగ అలారం కింద అసలే వద్దు. దానికి పొగకూ దట్టమైన ఆవిరికీ తేడా తెలియకపోవచ్చు. ఉదయం ఎనిమిదింటికి నావల్ల అది మోగితే, గోదాములో రాత్రి షిఫ్టు చేసి అప్పుడే పడుకున్న కుర్రవాడు దుప్పటి కప్పుకునే వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ వారమంతా అతని గిన్నెలు నేనే తోమాను. అలారానికి సాక్సు తొడిగే తెలివి మాత్రం చూపించకండి. నిజంగా మంటలు లేచిన రోజున అందరి ప్రాణాల మీదికి వస్తుంది.

రైళ్లలోనూ, లండన్ ట్యూబు అనే భూగర్భ రైలులోనూ ఎలాగూ కుదరదు. బస్టాపులో గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పిల్లల బండికి దూరంగా జరగండి.

నికోటిన్ సీసాను వంటగది అరలో పెట్టవద్దు. వాసన పండ్లదే, లోపల ఉన్నది విషం. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు ఏది చేతికి అందుతుందో చెప్పలేం. ఒకసారి వాడి పారేసే రకం వేప్‌ల అమ్మకాన్ని ఇక్కడ 2025 జూన్ 1న నిషేధించారు. సొరుగులో పాతవి ఉంటే చెత్తబుట్టలో వేయకండి, బ్యాటరీ నలిగితే నిప్పు అంటుకుంటుంది. వేప్‌లు అమ్మే దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి.

ఇక ఊరి ప్రయాణం. 2019 చట్టం ప్రకారం భారతదేశంలో వీటి దిగుమతి, అమ్మకం నేరం. మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. “నీ పెట్టెలో ఇది కాస్త పెట్టుకో” అని స్నేహితుడిని అడిగి ఇరికించకండి. సంక్రాంతికి వెళ్లేటప్పుడు నాది ఇక్కడే బల్ల సొరుగులో ఉంటుంది. ఊళ్లో ఆ రెండు వారాలూ మందుల షాపులో నికోటిన్ గమ్ కొనుక్కుంటాను.